యంత్రం చదవని వరుస

హెల్టర్మా రేవులో మంచు లెక్కలు రాసే గది మాది.
ఏ పొద్దున సముద్రం ఎంత మందాన గడ్డకట్టింది,
ఏ పడవ ఎక్కడ ఇరుక్కుంది,
ఇవి రాసుకోవడానికి ఒక ముసలి కంప్యూటరు.
ఒక్క గిగాబైటు జ్ఞాపకం.
నాకన్నా దానికే చలి ఎక్కువ.

పాత సిస్టమ్ తుడిచేసి కొత్త లైనక్స్ ఎక్కించాను.
నిండు డెస్క్‌టాప్ దాని నెత్తిన పెడితే
మేక మీద అంబారీ కట్టినట్టే.
అందుకని ఒట్టి విండో మేనేజరు చాలనుకున్నాను.
వాడొక వడ్రంగి. కిటికీలకు చట్రాలు బిగిస్తాడు.
సున్నాలూ రంగులూ పరదాలూ అడిగితే
అది నా పని కాదు పొమ్మంటాడు.

మొదటిసారి ఫైళ్ల కిటికీ తెరిచాను.
బూడిదరంగు.
వాన రాని మబ్బులాంటి బూడిదరంగు.
ఫోల్డరు బొమ్మలుండాల్సిన చోట
పళ్లూడిన చిగుళ్లలా ఖాళీ గళ్లు.
అక్షరాలు ఆవగింజలంత.
ఖాళీ జాగాలో కర్సరు బాణం కూడా కాదు,
నల్లటి ఇంటూ గుర్తు,
లెక్క తప్పిందని మాస్టారు కొట్టేసినట్టు.

పెద్ద డెస్క్‌టాపుల్లో తెరవెనక ఒకడుంటాడట,
ఈ థీమ్ కట్టుకో, ఈ ఫాంటు పెట్టుకో అని
తెరుచుకున్న ప్రతి అప్లికేషన్ చెవిలో ఊదేవాడు.
మా గదిలో వాడు లేడు.
చెప్పే దిక్కు లేక
ఇవన్నీ పురిటిగుడ్డలతోనే వీధిలోకొచ్చాయి.

సరే, ఆ చెప్పేవాణ్ణి నేనే అవుదామని కూర్చున్నాను.
జీటీకే వాళ్లకు ఒక ఫైలు రాయాలి.
వాళ్లలోనే పాతతరానికి ఇంకొకటి, ఇంకోచోట.
క్యూటీ వాళ్లకు ఈ రెండూ చెల్లవు.
వాళ్ల పొయ్యి వేరు, వాళ్ల ఉప్పు వేరు,
ఒకే తెరమీద వేరు కాపురాలు.
ఒకడికి చీకటి రంగు కడితే
పక్కవాడు తెల్లగా పళ్లికిలించాడు.
ఒక ఈక్వల్ గుర్తు మరిచిపోయి ఒక రాత్రంతా.
లాగౌటై మళ్లీ రావాలని తెలియక ఇంకో రాత్రి.
దాన్ని లెక్కలో వెయ్యను.

పగటి డ్యూటీ హెల్యుది.
టీ కెటిల్ పెడుతూ నా భుజం మీంచి చూసి
"మంచు కొలవడానికొచ్చావా, గోడలకు రంగులెయ్యడానికా" అంది.
ఆవిడ దిగిపోయాక రోజూ తెరమీద
అరచేయంత ఊపిరి మరక.
చలి, అనుకుని తుడిచేసేవాణ్ణి.

నాలుగో రాత్రి
తుడిచే ముందు పక్కకు తీసిపెట్టిన ఫోల్డరొకటి గుర్తొచ్చింది.
లెంబిట్‌ది.
నాకు ముందు పందొమ్మిదేళ్లు ఈ కుర్చీలో ఉన్నవాడు.
పోయిన మార్చిలో, మంచు కరగకముందే పోయాడు.
ఫోల్డరు ఖాళీగా కనిపించింది.
పేరుకు ముందు చుక్క ఉన్న ఫైళ్లు
పిలిస్తేగాని బయటికి రావు.
పిలిచాను.

ఒక ఫైలు. మూడు వరుసలు.
థీమ్ పేరు లేదు. ఐకాన్ల ఊసు లేదు.
ఫాంటు పద్దెనిమిది.
కర్సరు నలభై ఎనిమిది.
వాటి పైన, హాష్ గుర్తు పెట్టి,
యంత్రం చదవకుండా దాటిపోయే వరుసలో:
హెల్యుకి కుడికన్ను మసక. తను చెప్పదు. తగ్గించకండి.

తొమ్మిది పెట్టాను నేను.
అందంగా ఉంటుందని.

పద్దెనిమిది చేశాను.
కిటికీలు పక్కలకు పొంగిపోయాయి,
ఒక బటన్ మీద 'సేవ్' సగానికి తెగి 'సే' దగ్గర ఆగింది.
ఖాళీ గళ్లు ఖాళీగానే ఉన్నాయి.
క్యూటీ వాడు ఇంకా పళ్లికిలిస్తున్నాడు.
ఉండనీ.
ఆ పై వరుస మాత్రం
అక్షరం పోకుండా నా ఫైల్లోకి ఎక్కించాను.

పొద్దున హెల్యు వచ్చి కూర్చుంది.
తెర వంక ఒక క్షణం ఎక్కువ చూసింది.
ఏమీ అనలేదు.
ఇరవై మూడు సెంటీమీటర్లు, అని కొట్టింది,
వీపు కుర్చీకి ఆనించి.