తప్పు ఆకుకూరది కాదు

వాసా ఊళ్లో నవంబరు. కిటికీ అవతల
విస్కాన్సిన్ నది అంచులు గడ్డకడుతున్నాయి.
ఇవతల, గడ్డకట్టకూడని దాని గురించి
మేం ముగ్గురం మాట్లాడుకుంటున్నాం.

బ్లియా మౌవా. డెబ్బై నాలుగేళ్లు.
గుండె లయ తప్పుతోంది గానీ
శనివారం సంతలో ఆవాకు కట్టలు అమ్మడం
ఒక్క వారమూ తప్పదు.

వేలు చాపమ్మా అంటే పిడికిలి బిగించింది.
మనవరాలు పా న్యియా నా మాటని
హ్మోంగ్‌లోకి మోసుకెళ్లి జవాబు మోసుకొచ్చింది:
తీసిన నెత్తురు మళ్లీ ఊరదట.
ఒళ్లు బావి కాదట.
లావోస్ కొండల్లో, నది దాటేటప్పుడు, శిబిరంలో
పోవాల్సింది పోయిందట.
మిగిలింది తనదేనట.

దూదిపుల్ల చూపించాను.
బుగ్గ లోపల రుద్దితే చాలు, చుక్క నెత్తురు అక్కర్లేదు.
"ఉమ్మా?" అని మొదటిసారి నవ్వింది.
"ఉమ్మయితే ఎంత కావాలంటే అంత పట్టుకుపో."

ఈ మందు పుట్టింది మా గడ్డి మీదే.
బూజు పట్టిన తీపి క్లోవర్ మేసి
మా ముత్తాత టోర్గేర్ ఆవులు నిలువునా కూలిపోయాయి.
కొమ్ము కోసిన దూడ తెల్లారేసరికి
కొట్టం నేల మీద పాలిపోయి ఉందట.
గాయం చిన్నదే.
నెత్తురు ఆగడం మరిచిపోయింది.
అలాంటి గడ్డిలోంచే తీశారు దీన్ని.
ముందు ఎలుకలకు పెట్టారు, తర్వాత మనుషులకు.
తేడా అంతా మోతాదులోనే ఉందని చదివి పాసయ్యాను.
ఎవరి మోతాదు అని పరీక్షలో అడగలేదు.

పుస్తకంలో అయిదు మిల్లీగ్రాములు, పీచ్ పండు రంగు,
సగటు మనిషికి.
పంతొమ్మిదేళ్లుగా ఈ కౌంటర్ వెనక నిలబడ్డాను.
ఆ సగటు మనిషి ఇంకా రాలేదు.

తొమ్మిదో రోజు కాగితం వచ్చింది.
రెండు చోట్ల, ఒక్కో అక్షరం తేడా.
లోపల ఒక తిరగలి ఉందనుకోండి, అన్నాను,
మీది మెల్లగా తిరుగుతుంది.
నిన్నటి గింజలు నలగకముందే ఇవాళ్టివి పోస్తే
పొంగి పొర్లిపోతాయి.
పైగా మీ ఒళ్లు కాస్త మందుకే లొంగే రకం.
ఒకటిన్నర చాలు. అయిదు కాదు.

ఆవిడ చాలాసేపు కాగితాన్నే చూసింది,
ఇంగ్లీషు చదవడం రాకపోయినా.
"ఒక తల్లి బిడ్డలకి తిరగలి ఒకటేనా?"

కావచ్చు, అన్నాను. ఖాయంగా చెప్పలేను.

చెల్లెలు షియా. సెయింట్ పాల్‌లో. పదకొండేళ్లయింది.
పీచ్ రంగువే, రోజుకొకటి, ఒక్క పూటా మరవకుండా.
మూడో వారం తలలో నెత్తురు.
ఏం తిన్నావని డాక్టర్లు అడిగారు.
ఏ వేరు నూరి తాగావని కోడళ్లు అడిగారు.
ఏ ప్రాణం ఎక్కడ దారి తప్పిందోనని
షామన్ రాత్రంతా గంట మోగించి వెతికాడు.

"నేనూ అన్నాను," అంది బ్లియా.
పా న్యియా గొంతు ఇక్కడ సన్నబడింది.
"ఆవాకు మానేశావు, అందుకే ఇలా అయిందని.
మంచం పక్కన కూర్చుని,
చెయ్యి పట్టుకునే, అన్నాను."

ఈ పరీక్ష అప్పటికే ఉంది.
చేయించమని అడిగినవాళ్లు లేరు.
ఆ ముక్క నేను చెప్పలేదు, అనువాదానికి ఇవ్వలేదు.
సొరుగు తెరిచి గులాబీ రంగువి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
రెండుసార్లు లెక్క తప్పింది.

ఆవాకు మానొద్దు, పెంచొద్దు, వారం వారం ఒకే కొలత.
సగం మాత్ర కోసుకోడానికి ఇదిగో చిన్న కత్తి.
కాగితం దారి చూపిస్తుందే గానీ
నడిచామో లేదో చెప్పదు.
వేలు గుచ్చక తప్పదమ్మా.

పిడికిలి విప్పింది.
ఎడమ చేతి చిటికెన వేలు, గోరు కింద మట్టి.
ఒక్క చుక్క పైకి వచ్చి
పడాలా వద్దా అన్నట్టు నిలబడింది.

పా న్యియా నా వైపు తిరిగింది:
"దీన్ని షియా ఖాతాలో రాయమంటోంది."