ఏడో రౌండు

రేణిగుంట రోడ్డులో టైర్ల షాపు పైన
రాత్రి పదకొండుకి మా లైట్లు వెలుగుతాయి.
ఏసీ నీళ్ళు కారే మూల బకెట్టు జరిపి
ఢిల్లీబాబు అందరికీ అల్లం టీ పోస్తాడు.
నా తెర మీద
ఎవరో కాలేజీ పిల్లకాయలు
రెండు పక్కలా మొన తేలిన బంతి కోసం
ఒకరి మీద ఒకరు గుట్టగా పడుతుంటారు.

ఆ బంతిని నేను ఒక్కసారీ పట్టుకున్నది లేదు.
వాళ్ళ బరువులు తెలుసు.
నలభై గజాలు ఎన్ని సెకన్లో తెలుసు.
బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకి
ఎన్నంగుళాలో తెలుసు,
కన్నతల్లులకైనా తెలుసో లేదో.

మా తాత చెంగల్రాయుడు
పీలేరు సంతలో ఎద్దుల దళారీ.
పళ్ళు చూసేవాడు, సుడులు చూసేవాడు,
నడిపించి, నిలబెట్టి, మళ్ళీ నడిపించేవాడు.
ధర మాత్రం నోటితో చెప్పడు,
తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెబుతాడు.
నాదీ అదే కొలువు.
తువ్వాలుకి అవతలి చెయ్యి ఎవరిదో
ఇంతవరకూ చూళ్ళేదు, అంతే తేడా.

ఏప్రిల్ నెలాఖర్లో అక్కడ
మూడు రోజులు పేర్లు పిలుస్తారు. ఏడు రౌండ్లు.
మొదటి రౌండు వాళ్ళకి మాతో పని లేదు,
లోకమే వాళ్ళని ఎంచిపెట్టింది.
మాకొచ్చేది ఐదు, ఆరు, ఏడు.
చెరిగాక చేట మూల మిగిలిన నూకల్లో
నిండు గింజ ఉందేమో వెతకడం.

ఈ రాత్రి నా వంతు అరవై మూడో నంబరు.
బంతి ముట్టే పని కాదు వాడిది.
ఎదురుగా వచ్చేవాణ్ణి ఆపాలి. మళ్ళీ ఆపాలి.
చివరి పావులో, గుట్ట విడిపోయాక,
ఎడమ కాలి మీద బరువు మోపకుండా లేచాడు.
ఎవరూ చూళ్ళేదు.
కెమెరా బంతి వెంట పోయింది.
నేను వెనక్కి తిప్పాను.
ఆరుసార్లు.

అట్లా లేవడం నాకు తెలుసు.

చిత్తూరు మెసానికల్ గ్రౌండులో సెలక్షన్స్ రోజు
మోకాలికి పుత్తూరు కట్టు,
పైన ట్రాక్ ప్యాంటు.
రెండు కూతలకెళ్ళి ముగ్గుర్ని తాకొచ్చాను.
నీళ్ళు తాగడానికి పక్కకొస్తే
సెలెక్టరు మేడం ముక్కు ఎగబీల్చింది.
పసరు వాసన!
గుడ్డుసొన, ఆకు పసరు, ఎండ. ఎట్లా దాగుతుంది?
ఆమె కాగితం మీద చిన్న గీత గీసింది.
ఆ గీత ఎంత పొడుగో
ఎనిమిదేళ్ళుగా కొలుస్తానే ఉన్నాను.

ఫారంలో గడి ఉంది: ఎడమ మోకాలు.
బాగుంది. బాగలేదు. అనుమానం.
"జాలి రాయొద్దు, చూసింది రాయి" అంటాడు
మా లీడరు మునిరత్నం.
చూసిందే కదబ్బా కష్టం.

బాగుంది అని నొక్కబోయిన వేలు
కాసేపు గాల్లోనే నిలిచింది.
తాత గుర్తొచ్చాడు,
కుంటి ఎద్దుని మంచిదని అమ్మినవాడితో
జన్మలో మళ్ళీ తువ్వాలు కప్పుకోలేదంట.

అనుమానం, అని నొక్కాను.
కింద ఖాళీ స్థలంలో,
ఎవరూ నింపని చోట, రాశాను:
"ఆ కాలితోనే ఇంకో పద్దెనిమిది ఆటలాడాడు.
ఒక్కడూ వీణ్ణి దాటి పోలేదు."

ఆ మేడం గీత తప్పు కాదని
ఇప్పుడనిపిస్తుంది.
గీత దగ్గరే ఆగిపోయింది, అదే.

ఏప్రిల్లో రెండొందల యాభై చిల్లర పేర్లు పిలిచారు.
ఏడో రౌండుకి నాకు నిద్ర పట్టేసింది.
లేచాక జాబితా తెరిచి
సగం దాకా వచ్చి
మూసేశాను.

తెల్లారి షిఫ్టు దిగేటప్పుడు
మెట్ల మీద నా ఎడమ కాలే ముందు పడుతుంది.
వెనక ఖాళీ ఫ్లాస్కుతో ఢిల్లీబాబు
తొందర లేనట్టు
ఒక్కో మెట్టే దిగుతాడు.