పట్టు

ఇరవై రెండేళ్లుగా వూచ్ నగరంలో ట్రాము నడుపుతున్నాను.
"గట్టిగా పట్టుకోండి" అని
మైకులో ఎన్ని వేలసార్లు చెప్పానో.
ఎవరు వింటారు? ఒక వేలు తగిలించి
ఫోనులో మునిగిపోతారు.

ఈ గురువారం నా వంతు.
పాత నూలుమిల్లు, రెండో అంతస్తు,
నేల నుంచి కప్పుదాకా ఆరు ఉక్కు కడ్డీలు.
"ప్యాంటు తీసెయ్యండి గ్రాజినా, నిక్కరు చాలు"
అంది కింగా. నా కూతురికన్నా చిన్నది.
బట్ట జారుతుందట. చర్మానిదే పట్టు.

యాభై మూడేళ్ల మోకాళ్లు
ట్యూబులైటు కింద బయటపడ్డాయి.
సిగ్గుపడే తీరికేదీ,
కడ్డీ గడ్డకట్టిన చెరువులా ఉంటే!

కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద,
ఒకడుగు, రెండడుగులు, ఇక కాళ్లు వదిలెయ్యి.
వదిలేశాను.
పావు చుట్టు తిరిగానో లేదో
బంగాళాదుంపల బస్తాలా దిగబడ్డాను.
పక్క కడ్డీ దగ్గరి పళ్లడాక్టరమ్మ
పకపకా నవ్వి, తనూ పడింది.

ఎనిమిదోసారో, తొమ్మిదోసారో,
ఉన్నట్టుండి నేల నన్ను మర్చిపోయింది.
కిటికీలు, మంచు, తెరిచిన కింగా నోరు,
మళ్లీ కిటికీలు.
ఒక్క చుట్టు. అంతే.
పట్టాలు లేని మలుపు.

తెల్లవారుజామున నాలుగింటికి డిపో.
యూనిఫారం కింద, తొడ లోపలివైపు
నేరేడుపండు రంగులో కమిలిన మచ్చ.
బ్రేకు తొక్కినప్పుడల్లా పలకరిస్తోంది.

మార్కెట్టు మలుపు ముందు అద్దంలో చూస్తే
ఊలు గ్లౌజు, ఒక్క వేలు, నిద్రమొహం కుర్రాడు.
మైకు అందుకున్నాను.
"గ్లౌజు తియ్యి బాబూ,
బట్ట జారుతుంది."