నూట అరవయ్యో గొర్రె

మా మైదానంలో గడ్డి లేదు.
పడమటి ఆస్ట్రేలియా గోధుమనేలల్లో
నీళ్ళు గొర్రెలకే చాలవు, ఆటకెక్కడివి?
గుంట చుట్టూ పచ్చిక బదులు
నూనె కలిపి తొక్కిన నల్లటి ఇసుక.
బంతిని దొర్లించే ముందు ఇనుప బద్దతో
దారి సాపు చేసుకోవాలి.
వెళ్ళేటప్పుడు మన అడుగులు మనమే చెరపాలి.

ఆ పిల్ల పేరు టెగన్. పదిహేనేళ్ళు.
లారీల షెడ్డు గ్లెనిస్ రెండో కూతురు.
హ్యాండిక్యాప్ ఇరవై రెండు,
కోపం దానికి రెట్టింపు.
ఒక్క దెబ్బ కొడితే గులాబిరంగు కాకాతువాలు
చెట్టుకి చెట్టు ఖాళీ చేసి లేచేవి.
తర్వాతి మూడు దెబ్బలూ
పొదల్లో పాముల్ని అడిగి వెతుక్కోవాల్సినవే.

"ఆ మొదటిది మళ్ళీ ఎలా కొట్టాలి, క్లారీ?"
"కొట్టకు" అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించినవాణ్ణి.
ఈ ఆట నాకెవరూ నేర్పలేదు,
తెలిసిందల్లా ఆ రేకుల కప్పు కింద తెలిసిందే.
మొదటి గొర్రెని ఎవడైనా అందంగా కత్తిరిస్తాడు,
పొద్దున్నే, వేడి టీ తాగి, పక్కన చూసేవాళ్ళుంటే.
సాయంత్రం ఐదింటికి
నడుం తడిసిన తాడులా బిగుసుకున్నాక
కాళ్ళ మధ్యకి నూట అరవయ్యోది వస్తుంది.
దాని చర్మం మీద గాటు పడిందా లేదా,
అదొక్కటే లెక్క.
పొద్దున నువ్వెంత బాగా చేశావో
దానికెవరు చెప్పారు కనక?

పెద్ద డ్రైవర్‌ని నా ట్రక్కులో పడేసి
నెలరోజులు తాళం వేశాను.
అందులో నాలుగు రోజులు నాతో మాటల్లేవు.
ఏడో నంబరు ఐరన్, సగం ఊపు,
అదే ఊపు, మళ్ళీ అదే.
గుంటకి మూడడుగుల దూరం నుంచి వరసగా ఇరవై.
పందొమ్మిదోది తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.
అది ఎన్నిసార్లు తప్పిందో ఇసుకకి తెలుసు,
నా చెవులకి తెలుసు.
(ఆ బూతులు నేనే నేర్పానని గ్లెనిస్ నమ్మకం.)

చిన్న నోట్‌బుక్ ఇచ్చాను.
మంచి దెబ్బలు రాయకు, అవెలాగూ గుర్తుంటాయి,
చెడ్డవి ఎక్కడ పడ్డాయో రాయి అన్నాను.
మూడు వారాలకి తనే వచ్చి చూపించింది:
అన్నీ కుడివైపే.
అన్నీ ఇంకో చెడ్డదాని వెనకే.
నేనేమీ అనలేదు.
సిగరెట్ వెలిగించబోతే గాలి ఒప్పుకోలేదు.

రెండో చలికాలం, పక్కఊరి జట్టుతో పోటీ.
ఏడో హోల్లో బంతి వెళ్ళి
రెండు సామన్ గమ్ చెట్ల వెనక కూర్చుంది.
మధ్యలో తలుపంత సందు,
సందులోంచి జెండా కనిపిస్తూ, పిలుస్తూ.
నిరుటి టెగన్ అయితే
అందులోంచి కొట్టేది. పదిలో ఒకసారి పోయేది కూడా.
ఈ టెగన్ పెదవులు కదిపి ఏదో లెక్కపెట్టింది.
జెండాకి వీపు తిప్పింది.
బంతిని పక్కకి, మెల్లగా,
పిల్లిని ఒళ్ళోంచి దింపినట్టు దింపింది.

చప్పట్లు లేవు. ఒక్క కాకాతువా కూడా లేవలేదు.
ఆ హోల్‌కి ఐదు పడింది, ఎనిమిది కాదు.
నేను టోపీ తీసి
బాగానే ఉన్న పట్టీని సరిచేసుకుంటూ నిలబడ్డాను.

ఇప్పుడు తనది పద్నాలుగు.
నాది మోకాళ్ళతోపాటు పెరిగి పంతొమ్మిది.
ఈ రెండు అంకెలూ ఎప్పుడో ఓ ఆదివారం
దారిలో ఎదురుపడి దాటుకునే ఉంటాయి.
మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

నిన్న చివరి గుంట దగ్గర
మూడడుగుల నుంచి మూడుసార్లు తప్పాను.
తను నా చేతిలోంచి ఇనుప బద్ద తీసుకుని
అటూ ఇటూ లాగింది,
నా తప్పుల జాడ ఒక్కటి మిగలకుండా.

కార్డులో మాత్రం
నాలుగనే రాసింది.