నీలం మాటలు

నీలం మాట మీద వేలు పెడితే
పడవ ఎక్కింది మంగతాయి.
వెనక్కొచ్చి పక్క మాట నొక్కితే
అసలు రేవుకే రాలేదు.

లొల్ల లాకుల దగ్గర రాత్రి డ్యూటీ నాది.
తలుపెత్తితే ఏ కాలవకెంత నీరో
రిజిస్టరులో రాస్తాను.
ఫోనులో ఈ కథకి రిజిస్టరు లేదు.

చదివిన మాటలు వంగపువ్వు రంగుకి తిరిగాయి.
అయినా ఆమె నవ్విన పేజీ,
ఉత్తరం మడిచి రవికలో దోపుకున్నది,
మళ్లీ దొరకలేదు.
ఏ మాట కిందుందో,
ఎన్ని మలుపుల వెనకో.

మూడున్నరకి ముక్కామల నుంచి
లస్కరు పల్లాలయ్య ఫోను:
"నీళ్లింకా రాలేదేంటండీ?"

వస్తున్నాయన్నాను.
గేటు చక్రం తిప్పి
వేళ్లకంటిన గ్రీజు పంట్లానికి తుడుచుకుని
గేటు నంబరు రాయాల్సిన గడిలో
మంగతాయి అని రాసి
కొట్టేశాను.