గడి సంఖ్య పద్నాలుగు

గడువు రేపు సాయంత్రం అయిదింటికి.
ఇప్పుడు రాత్రి పదిన్నర.
గ్రిమ్స్‌బీ రేవు వెనక, ఒకప్పుడు చేపలకు పొగబెట్టిన ఇంట్లో
నేనూ, దగ్గుతున్న బాయిలరూ మిగిలాం.
గోడలింకా ఆ వాసన వదల్లేదు.
కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు,
నెల తిరిగేసరికి వాళ్ల కోట్లకీ అదే వాసన.

ఫారం అడుగుతోంది:
మీ పనివల్ల కలిగిన మార్పు ఏమిటి?
కొలవదగినదై ఉండాలి. నూట యాభై పదాలు మించరాదు.

మొదట బ్రెడ్డు గురించి రాశాను.
వారానికి ఇరవై రెండు ప్యాకెట్లు.
పద్దు పుస్తకంలో ఉపాహారం అంటాం గానీ
సగం మందికి ఆ పూటకి అదే అన్నం.
కొట్టేశాను.
ఆకలి ఈ నిధి కిందికి రాదట,
దానికి వేరే ఫారం, వేరే గడువు.

తర్వాత జెన్సన్ గురించి.
పదహారేళ్లు. బడి వెళ్లగొట్టి పద్నాలుగు నెలలు.
వకుళ అనడానికి నోరు తిరక్క వాకీ అన్నాడు,
మర్నాటికల్లా నేను అందరికీ వాకీటాకీని.

అక్టోబరులో ఒక గురువారం తడిసి ముద్దయి వచ్చాడు.
కోటు విప్పలేదు.
కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.
నేను ఏమీ అడగలేదు.
నెవిల్ బ్యాటు చేతికిచ్చి
"ఎడంచేత్తోనే ఆడు, నాకేం" అన్నాడు.
మా పింగ్‌పాంగ్ బల్లకి ఒక కాలు పొట్టి,
కింద పాత వార్షిక నివేదికలు దట్టించాం.
(వాటికి దొరికిన ఏకైక ఉపయోగం.)

ఆడాడు. ఓడాడు. తిట్టాడు. మళ్లీ ఆడాడు.
బయట కారు హారన్ మోగింది, రెండుసార్లు.
వాడి తల అటు తిరిగింది.
బంతి నేలమీద టక్కుటక్కుమంటూ మూలకి పోయింది.
"సర్వీసు నీదే" అన్నాడు నెవిల్,
కిటికీ వంక చూడకుండా.
కారు కాసేపు ఆగి
వెళ్లిపోయింది.

ఎనిమిదో ఆటకి కుడిచెయ్యి బయటికొచ్చింది.

తొమ్మిదిన్నరకి దీపాలార్పుతుంటే
గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టిందేదో నా సొరుగులో పెట్టి
"మీ వంటింటిదే, దొరికింది" అన్నాడు.
మా వంటింట్లో ఉన్నది ఒక్క వెన్న రాసే కత్తి.
"ఔను, వెతుకుతున్నాను" అన్నాను.
మర్నాడు పోలీసు స్టేషన్ బయటి ఇనప డబ్బాలో వేసొచ్చాను.
ఆ డబ్బా రసీదు ఇవ్వదు.

ఆ రాత్రి ఊళ్లో ఏమీ జరగలేదు.
ఏ అంబులెన్సూ మా సందు తిరగలేదు.
ఎవరి తల్లీ వరండాలో చెప్పులు లేకుండా నిలబడలేదు.
జరగనిదానికి సాక్షి సంతకం ఎవరు పెడతారు?

పథకం కొత్తదై ఉండాలని కూడా అడిగారు.
పదకొండేళ్లుగా ప్రతి గురువారం తలుపు తియ్యడం
కొత్తది కాదు, ఒప్పుకుంటాను.
నెవిల్ జీతం మార్చి ఆఖరుదాకానే.
వారానికి పది గంటలకి ఇస్తాం, పద్దెనిమిది చేస్తాడు.
ఆ ఎనిమిది గంటలకీ ఏ గడీ లేదు.
వేసవికి మీరుంటారా అని నిన్న జెన్సన్ అడిగాడు,
బ్యాటు రబ్బరు గిల్లుతూ, నావైపు చూడకుండా.
బాయిలర్ సంగతేదో మాట్లాడి తప్పించుకున్నాను.

గడి పద్నాలుగులో
ఏమీ జరగలేదు, అని కొట్టాను.

ఇంకా నూట నలభై ఎనిమిది పదాలు మిగిలాయి
అంటోంది ఫారం.

రేపు గురువారం.
బ్రెడ్డు తేవాలి.