ఉమ్మడి డబ్బా

మా ఊరు వూచ్. ఆ మాటకి పడవ అని అర్థం.
నదుల్ని ఎప్పుడో మిల్లుల కింద పూడ్చేశారు,
పడవ మాత్రం పేరులో మిగిలింది.
అలాంటి ఊళ్ళో, ఇంకా పుట్టని కంప్యూటరుకి
నేనూ తీమోనూ మూడు నెలలుగా వాటాలు వేసుకుంటున్నాం.

నావి రెండువేల ఎనిమిదొందల జ్వోటీలు,
కర్టెన్ గుడ్డల మీద గసగసాల పువ్వులు గీసినందుకు.
వాడివి రెండువేల ఏడొందలు,
ట్రాము డిపోలో రాత్రిపూట సీట్లు తుడిచినందుకు.
డబ్బు వంద తక్కువైనా గొంతు వంద ఎక్కువ.

వాడికి గ్రాఫిక్స్ కార్డే దేవుడు.
నాకు మెమరీ కావాలి, అబద్ధమాడని మానిటర్ కావాలి.
నలభై పొరల డిజైను తెరిస్తే
నా పాత లాప్‌టాప్ ముక్కుతూ మూలుగుతూ
ఎరుపు అడిగితే ఇటుక రంగు చూపించేది.
అలా పాడైన గుడ్డ ఒక తాను
మా అత్త కిటికీకి ఇప్పటికీ వేలాడుతోంది.

వంటింటి బల్ల మీద గళ్ళ కాగితం.
పెన్సిల్ గీత, కొట్టివేత, మళ్ళీ గీత.
సాకెట్ పొంతన కుదరక ఒక మదర్‌బోర్డు పోయింది,
డబ్బా వెడల్పు చాలక ఒక కూలర్.
వాడు రంగు లైట్ల ఫ్యాన్లు ఆరు రాశాడు. కొట్టేశాను.
మళ్ళీ మూడు రాశాడు.
అర్ధరాత్రి లేచి ఒకటి తీసేశాను.
పొద్దున చూస్తే నా మానిటర్
మూడంగుళాలు చిక్కిపోయి ఉంది.

వ్యెస్వావ్ గారి కొట్టు పాత నూలు గిడ్డంగిలో.
ఒకప్పుడు మగ్గాలు బాగుచేసేవారట,
స్క్రూడ్రైవర్ పట్టుకునే తీరులోనే తెలుస్తుంది.
మా కాగితం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"కార్డు బావుంది. చిప్పు బావుంది.
మరి పవర్ సప్లైకి నూటపదేనా?
పైన పటారం, లోన లొటారం."
డబ్బా అడుగున, ఎవరూ చూడని చోట,
ఎవరూ గొప్పగా చెప్పుకోని వస్తువు.
"పడుగు పుటుక్కుమంటే
పేక ఎంత మంచిదైతే ఏం, అమ్మాయ్?"

వాడు ఉన్న రెండు ఫ్యాన్లూ వదిలాడు.
నేను మెమరీలో సగం వదిలాను.
ఖాళీ స్లాట్లు రెండు ఉంటాయి కదా,
గసగసాలు మళ్ళీ పూస్తాయి.

చౌకగా వస్తోందని, సొంతంగా బొమ్మ చూపలేని ప్రాసెసర్‌ని మాత్రం
ఇద్దరం ఒకే మాట మీద తీసుకున్నాం.
మూడు నెలల్లో పోట్లాట లేని కొనుగోలు అదొక్కటే.

శనివారం రాత్రి. రేడియేటర్ మీద చెయ్యి ఆనించి
ఒంట్లో ఉన్న స్టాటిక్‌ని వదిలించుకుని
చిప్పుని ఊపిరి బిగపట్టి దించాం.
పేస్టు బఠాణీ అంత అన్నాను, ఉసిరికాయంత పెట్టాడు.
మెమరీ నొక్కితే ఠక్కుమంది,
ఏదో విరిగిందనుకుని ఇద్దరం కుర్చీలు వెనక్కి జరిపాం.

మీట నొక్కాం. ఫ్యాను తిరిగింది. తెర నలుపు.
మళ్ళీ నొక్కాం. నలుపు.
ఐదువేల ఐదొందల జ్వోటీల నలుపు,
ఒక్క వన్నె కూడా తప్పకుండా చూపిస్తోంది నా మానిటర్!

పేస్టు నీది, ప్రాసెసర్ నీది, పుట్టుకే నీది అనుకుంటూ
రెండు దాకా తిట్టుకున్నాం.
మంచినీళ్ళకి లేచిన అమ్మ
డబ్బా వెనక్కి వంగి చూసి
"ఈ వైరు పైన గుచ్చారేం?
కింద కూడా ఇలాంటి కన్నమే ఉందిగా" అంది.

బొమ్మ లేని చిప్పుని బొమ్మ అడుగుతూ కూర్చున్నాం.
దేవుడేమో పక్కనే, ఎవరూ పిలవక.

తెర వెలిగింది.
ఆట కాదు, పువ్వూ కాదు, టైము అడిగింది.
దాని లెక్కలో ఇంకా ఏదో జనవరి ఒకటో తేదీ.
తీమోన్ తలెత్తి గోడ గడియారం చూసి కొట్టాడు.
అది ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది,
అమ్మ తొలి ట్రాము తప్పిపోకుండా.

నేను చెప్పలేదు.